దుప్పటి కొస

"ఈ కొస పట్టుకోండి. మొహం రోడ్డు వైపు తిప్పండి" అంది కోచ్, నేనెవరో కూడా అడక్కుండా.

గాలివానకి గుంజ విరిగిందట. రెండు గోడల మూలకి అడ్డంగా కట్టిన దుప్పటి కిందికి జారిపోయింది. వెనకాల ఫుట్‌బాల్ ఆడే పదకొండు మంది ఆడపిల్లలు తడిసిన జెర్సీలు మార్చుకోవాలి. ఒక కొస ఆమె, రెండోది నేను.

"అక్కా, కొత్త గుంజ బాగుంది" అందొకమ్మాయి లోపల్నుంచి. "కాస్త వంకరంతే."

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ మూలలో ఉండాల్సింది బట్టలు మార్చుకునే గది. ఉందని రాసింది నేనే.

క్రీడాశాఖలో తనిఖీ గుమస్తాని. ఏ మైదానానికి ప్రభుత్వ నిధులు అవసరమో ముందు నేను వెళ్లి చూడాలి. ఇక్కడికి రెండు బస్సులు మారాలి. తనిఖీకి రావాల్సిన రోజు ఎండగా ఉంది. ఆఫీసులోనే ఫ్యాను కింద కూర్చుని 'గది ఉంది, బాగుంది' అని సంతకం పెట్టాను. ఉన్న గదికి నిధులెందుకని పైవాళ్లు ఫైలు తిప్పి పంపారు. 'బాగుంది' అని కూడా ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. అబద్ధానికి సున్నం కూడా కొట్టాను.

ఈ పిల్లల క్లబ్బు దాని మీద అప్పీలు చేస్తోందని తెలిశాక వచ్చాను. చూడటానికే, చెప్పడానికి కాదు.

మరుసటి శనివారం మళ్లీ వెళ్లాను. కొత్త గుంజ వచ్చి గోడకి ఆనించి ఉంది. అయినా ఆమె కొస నా చేతికే ఇచ్చింది.

"గుంజ సార్‌కి ఉద్యోగం పోకూడదుగా" అంది రోడ్డుకేసి చూస్తూ.

ఆ మాటకి కలిగిన సంతోషం దొంగసొత్తులా అనిపించింది. అయినా వదల్లేదు.

నాలుగో శనివారం చినుకులు పడుతున్నాయి.

"సోమవారం అప్పీలుకి ఆఖరి రోజు" అంది. "ఆ తనిఖీ చేసిన మహానుభావుడి సంతకం కోడి గీకినట్టుంది. కనపడితే బాగుండు."

"కనపడితే?"

"ఏమీ అనను. ఈ దుప్పటి చేతికిస్తాను."

"ఇచ్చారు" అన్నాను.

దుప్పటి ఒక్కసారి వణికింది. ఆమె వెళ్లిపోవచ్చు, కానీ లోపల పిల్లలున్నారు. నేనూ కదల్లేను. అంత పొడుగు నిమిషాలు నా జీవితంలో లేవు.

"వదలకండి" అంది చివరికి, చాలా మెల్లగా.

పిల్లలు వెళ్లాక దుప్పటి మడత పెట్టింది. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. 'తనిఖీకి నేను వెళ్లలేదు. గది లేదు.' కింద, ఈసారి, పూర్తి పేరు.

"ఉద్యోగం పోదా?"

"పోవచ్చు."

"ఇన్ని వారాలు ఎందుకొచ్చారు? తప్పు దిద్దుకోడానికా?"

"మొదటి వారం సిగ్గుతో."

"తర్వాత?"

"సిగ్గు పోలేదు. కానీ శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి."

ఆమె ఆ కాగితాన్ని అప్పీలు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టింది.

"కోపం పోలేదు. గది కట్టేదాకా శనివారాలు రావాలి."

"కట్టాక?"

ఆమె ఫైలు మూసి, తడవకుండా దుప్పటి మడతలో పెట్టింది.

"అప్పుడు మొహం ఇటు తిప్పి మాట్లాడండి."