‘దింకా’ ఎక్కిన దింకా

శనివారం ఉదయం విస్ దీవిలోని కొమిజా రేవులో యెర్కో పడవ కడుగుతున్నాడు. శనివారం కొత్త గెస్టులు ఎక్కే రోజు. డెక్కు కడిగి, మంచినీళ్లు పట్టి, తెల్ల చొక్కా తొడుక్కుని, ట్రేలో రాకియా సారా గ్లాసులు పెట్టుకుని నిలబడడం అతనికి ఏళ్ల అలవాటు. పడవలోని దుప్పట్లు, దిండు గలీబులు భార్య పని. వాటిని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ప్రతి శనివారం ఆమే తెచ్చి పరుస్తుంది. ఈసారి మాత్రం శుక్రవారం సాయంత్రమే వచ్చి పరిచి వెళ్లిపోయింది. ఎందుకని అతను అడగలేదు.

పడవ పేరు ‘దింకా’. భార్య పేరే. కొన్నప్పుడు వెనక వైపు నీలం అక్షరాలతో తనే రాశాడు.

సీజన్‌లో ఇదే చివరి బుకింగ్. ఫోన్లు, బుకింగులు దింకానే చూస్తుంది. మర్దెషిచ్ అనే ఇంటిపేరుతో ఇద్దరు ఆడవాళ్లు వస్తారని, దీవిని చుట్టి రావాలంటున్నారని చెప్పింది. ఊళ్లో సగం మంది ఇంటిపేరు అదే కాబట్టి యెర్కో ఆలోచించలేదు.

పది గంటలకు రేవు రాళ్ల మీద చక్రాల సూట్‌కేసు చప్పుడైంది. యెర్కో ట్రే ఎత్తి, నవ్వు ముఖంతో తిరిగాడు. ఎదురుగా దింకా. ఆమె చెయ్యి పట్టుకుని, గడ్డి టోపీ పెట్టుకుని, అత్తగారు పెరీనా.

“ఇదేంటి?” అన్నాడు.

“గెస్టులం. మర్దెషిచ్, ఇద్దరు ఆడవాళ్లు. బుకింగ్ ఉంది.”

“అది నీ పుట్టింటి పేరు కదా!”

“నెల నుంచీ వంటింటి క్యాలెండర్ మీద రాసే ఉంది. ముందు సూట్‌కేసు అందుకో. మిగతా గెస్టుల చేత కూడా ఇలాగే మోయిస్తావా?”

పెరీనా అప్పటికే ట్రేలోంచి ఒక గ్లాసు తీసుకుంది. “అల్లుడూ, చెయ్యందించు. నేను నీళ్లలో పడితే నీ పడవకే చెడ్డపేరు” అంది.

పక్క పడవ మీద తాళ్లు చుట్టుకుంటున్న ఇవాన్ పెద్దగా నవ్వాడు. “ఒరేయ్ యెర్కో! అత్తగారు టిప్పు బాగా ఇస్తుందిరా, చూసుకో!”

తాడు విప్పి రేవు దాటాక గాని యెర్కో నోరు తెరవలేదు. “అడిగితే నేను తీసుకెళ్లనా? ఊరందరి ముందూ ఈ నాటకం ఎందుకు?”

“అడగలేదా?” అంది దింకా. “అమ్మని ఒక్కసారి గ్రెబెన్ దాకా తీసుకెళ్లమని ఎన్నిసార్లు అడిగాను? సీజన్ అయిపోనీ అన్నావు. సీజన్ అయిపోతే గాలులన్నావు. గాలులు తగ్గితే పడవకి రంగు వేయాలన్నావు. రంగు ఆరేసరికి మళ్లీ సీజన్ వచ్చింది. గెస్టుల్ని మాత్రం ఏనాడూ కాదనలేదు నువ్వు. అందుకే గెస్టునయ్యాను.”

యెర్కో చుక్కాని పట్టుకుని ముందుకి చూశాడు.

గ్రెబెన్ అంటే దీవికి ఉత్తరాన ఉన్న ఒక రాతి తిప్ప. దాని మీద ఒక లైట్‌హౌస్, పక్కన కాపరి ఇల్లు. దింకా తండ్రి లూక్షా అక్కడ దీపం కాపరిగా పనిచేశాడు. దింకా అక్కడే పెరిగింది. లూక్షా పోయి తొమ్మిదేళ్లయింది. వచ్చే నెల పెరీనాకి కంటి ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. కళ్లు పనిచేస్తుండగానే ఆ ఇంటిని ఇంకోసారి చూడాలని ఆమె కోరిక.

“గెస్టులకి చెప్పేవన్నీ చెప్పు. ఒక్కటీ వదలొద్దు” అంది దింకా, కాళ్లు చాపుకుని కూర్చుంటూ.

కొండను తొలిచి జలాంతర్గాముల్ని దాచిన సొరంగం దగ్గర యెర్కో గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. “సైన్యం ఉన్న రోజుల్లో ఈ చోటు పరమ రహస్యం. దీవిలో ఒక్కరికీ తెలియదు...”

“అందరికీ తెలుసు” అంది పెరీనా. “ఇటు చూడకూడదని చెప్పారు. చూడకూడని చోటేదో తెలియాలి కదా, అందుకని చూశాం.”

విస్ పట్నం రేవు ముందు కోటను చూపించాడు. “రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషువాళ్లు కట్టారు.”

“కట్టించారు. రాళ్లు మోసింది మావాళ్లు.”

“అత్తా, ఇలా అయితే నేనేం చెప్పను?”

“చెప్పు నాయనా, చెప్పు. బాగా చెబుతున్నావు. ఆ కోటలో దెయ్యం కూడా ఉందని చెప్పు, గెస్టులు ఇంకో గ్లాసు పోస్తారు.”

మధ్యాహ్నం ఒక మలుపులో లంగరు వేశారు. దింకా బుట్టలోంచి పొగాచా తీసింది. ఉప్పు చేపలు, ఉల్లిపాయలు కూరి కాల్చిన రొట్టె అది. కొమిజాలో అందులో టమాటా వేస్తారు. దీవికి ఈ వైపున ఉన్న విస్ పట్నంలో వేయరు. ఈ సంగతి మీద రెండు ఊళ్లూ ఇప్పటికీ వియ్యాలు మానుకోలేదు గాని, వియ్యపురాళ్లు మాత్రం మాటలు మానుకున్నారు. పెరీనా ముక్క విరిచి, లోపల ఎరుపు ఉందో లేదో చూసుకుని, తర్వాత నోట్లో పెట్టుకుంది.

యెర్కో మనసు కుదుటపడింది. ఈ రోజు ఇలాగే గడిచిపోతుందనుకున్నాడు.

నాలుగు గంటల వేళ గ్రెబెన్ కనిపించింది. పెరీనా లేచి, తాడు పట్టుకుని ముందుకి నడిచి నిలబడింది. ఇంటి పైకప్పు సగం కూలిపోయింది. లైట్‌హౌస్‌కి సున్నం కొత్తగా ఉంది. ఇప్పుడు అక్కడ మనుషులెవరూ ఉండరు. దీపం దానంతటదే వెలుగుతుంది.

యెర్కో ఇంజన్ తగ్గించాడు.

“ఊఁ, చెప్పు” అంది దింకా.

“ఏం చెప్పను? మీ ఇల్లు. మీకు తెలియనిదేముంది?”

“ఇక్కడ గెస్టులకి ఒక కథ చెబుతావట. ఆగస్టులో వచ్చినవాళ్లు బుకింగ్ సైట్‌లో రాశారు. దీపం కాపరి కథకి కడుపుబ్బ నవ్వామని. నేనే చదివాను. నవ్వడానికి మేం పనికిరామా?”

అప్పుడర్థమైంది యెర్కోకి ఈ ప్రయాణం దేనికో. “అది రేవులో అందరూ చెప్పుకునేదే దింకా. ఎవరి పేరూ చెప్పను.”

“నాకూ చెప్పకు పేరు. కథ చెప్పు చాలు.”

నసుగుతూ మొదలుపెట్టాడు. అనగనగా ఈ తిప్ప మీద ఒక కాపరి. ఒక రాత్రి పీపా ఖాళీ చేసి పడుకున్నాడు. దీపాన్ని తిప్పే యంత్రం ఆగిపోయింది. పెళ్లాం గరిటె పుచ్చుకుని బాదింది, లేవలేదు. ఇక్కడికి వచ్చేసరికి అలవాటు యెర్కోని లాక్కుపోయింది. గొంతు మార్చాడు. చెంచాతో ప్లేటు మీద టంగుటంగున కొట్టాడు. పెళ్లాం మేడెక్కి తెల్లవార్లూ దీపాన్ని చేత్తో తిప్పుతూ మొగుణ్ణి తిట్టింది. సముద్రం మీద జాలర్లు దీపం చూసి కాదు, ఆ తిట్లు విని ఇంటిదారి పట్టారు. చేతులు చాచి ముగించాడు. ఇక్కడ గెస్టులు చప్పట్లు కొడతారు.

దింకా కొట్టలేదు.

“మా నాన్న” అంది. “ప్రతి వారం మా నాన్నని తాగించి, పడుకోబెట్టి, పదిమందికీ చూపిస్తున్నావు. పడవ మీద పేరు నాది. పడవలో దుప్పట్లు నేను ఉతికినవి. ఆ దుప్పట్లలో పడుకునేవాళ్లు మా నాన్నని చూసి నవ్వాలి. అంతేనా?”

“నాకు తెలిసిందే చెప్పాను. అది అబద్ధమని నువ్వు ఒక్కరోజైనా చెప్పావా?”

“నువ్వు ఒక్కరోజైనా అడిగావా? నేను పెరిగిన చోటు అది. ముప్పై ఏళ్ల కాపురంలో, అక్కడ ఎలా ఉండేదే అని ఒక్కసారి అడిగావా?” ఆమె లేచింది. “రంగు గోకే కత్తి ఎక్కడుంది?”

“దేనికి?”

“వెనక ఉన్న పేరు గోకేస్తాను.”

యెర్కో ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. సముద్రంలో ఉన్న పడవకి పేరు తీసేయడం ఆ తీరంలో ఎవరూ చేయరు. పేరు లేని పడవ ఇల్లు చేరదంటారు. కోపం వచ్చినప్పుడు కూడా ఎవరూ అనని మాట అది.

“దింకా, అంత మాట వద్దు. కూర్చో.”

“మా నాన్న పేరు నువ్వు గోకెయ్యలేదా?”

అంతలో ముందు వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది. పెరీనా ఏడుస్తోందనుకుని ఇద్దరూ పరుగెత్తారు. ఆమె తాడు పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది.

“గరిటె!” అంది, ఊపిరి అందుకుని. “గరిటె ఎవరు కలిపారల్లుడూ? నేను చెప్పినప్పుడు గరిటె లేదు.”

“నువ్వు చెప్పినప్పుడా?” అంది దింకా.

“నన్ను కూర్చోబెట్టండి.”

కూర్చున్నాక పెరీనా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. “తాగి పడుకున్నాడని చెప్పింది నేనే. ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆ రాత్రి దీపం ఎందుకు తడబడిందని అడిగాడు. తాగి పడుకున్నాడన్నాను. తాగితే జరిమానాతో పోతుంది. దీపం వదిలి వెళ్లాడంటే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. ఆయన ఆ రాత్రి ఇక్కడ లేడు.”

“కిరసనాయిలు కోసం వెళ్లాడని నాకు చెప్పావు” అంది దింకా.

“ఏడేళ్ల పిల్లకి ఇంకేం చెప్పను? పొగాచా కోసం వెళ్లాడు.”

ఇద్దరూ ఆమె వంక చూశారు.

“మీ తమ్ముడు ఆంద్రో అప్పుడు నా కడుపులో ఉన్నాడు. వేవిళ్లు. ఏదీ లోపలికి పోదు. విస్ నుంచి తెచ్చిచ్చారు, అందులో టమాటా లేదని ఏడ్చాను. మా అమ్మ చేసింది కావాలన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా చిన్న పడవ తీసి కొమిజాకి తెడ్డేసుకుంటూ వెళ్లాడు. చీకటి పడేలోపు వచ్చేస్తానన్నాడు. సాయంత్రానికి దక్షిణం నుంచి యూగొ గాలి లేచింది. ఇక్కడేమో యంత్రం గొలుసు తెగింది. తెల్లారాక వచ్చాడు, చొక్కాలో పొగాచా పెట్టుకుని. అది సముద్రపు నీళ్లకి నాని ముద్దయిపోయింది. అంత రుచిగా ఇంకెప్పుడూ తినలేదు నేను.”

యెర్కోకి తన పెళ్లి విందు గుర్తొచ్చింది. ఆ సాయంత్రమంతా మామగారు ఒకే గ్లాసు పట్టుకుని తిరిగాడు. తాగుబోతైనా కూతురి పెళ్లిలో ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడని తను మెచ్చుకున్నాడు కూడా. ఆఖర్న ఆ గ్లాసులో వైను మందారం కుండీలో పోయడం చూశాడు. పోసేముందు గ్లాసు నిండుగానే ఉంది.

“ఆయన తాగనే తాగడు” అన్నాడు మెల్లగా.

“వాసన పడదు ఆయనకి” అంది పెరీనా. “రేవులో తాగుబోతు అంటే నవ్వి ఊరుకునేవాడు. దీపం వదిలేశాడనిపించుకునేకంటే అదే నయమనేవాడు. ఇప్పుడు దీపానికి కాపరే లేడు. ఇంకెవరి ఉద్యోగమూ ఊడదు. ఆ మాట ఇక్కడికొచ్చి చెప్పి పోదామనే నేను బయల్దేరాను. నువ్వు దెబ్బలాడ్డానికి బయల్దేరావని నాకేం తెలుసు?”

“మరి దీపం తిప్పింది?” అడిగాడు యెర్కో.

“నేనే. తిట్టింది కూడా నేనే, అది నిజం. కావాలంటే ఇంకో నాలుగు కలుపుకో. కానీ ఊరికే తిప్పితే సరిపోదు నాయనా. ఒక్కో దీపం ఒక్కో లెక్కన వెలుగుతుంది. ఆ లెక్క తప్పితే సముద్రం మీదున్నవాడు ఇంకో చోటనుకుని రాళ్లకి కొట్టుకుంటాడు. నేను తిప్పాలా, లెక్కపెట్టాలా? ఈ దింకాని లేపి మెట్ల మీద కూర్చోబెట్టాను. పదిహేను దాకా లెక్కపెట్టడం, మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టడం. తెల్లారేదాకా గొంతు ఆపలేదు. రెండు రోజులు మాట రాలేదు పిల్లకి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.”

“మా నాన్న ఆ రాత్రి సముద్రం మీదే ఉన్నాడు” అన్నాడు యెర్కో, తనలో తను అనుకున్నట్టు. “కొమిజా జాలర్లందరూ ఉన్నారు. ఆ గాలిలో అందరూ ఇల్లు చేరారు.”

అతను భార్య వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఈ కథని వందల మందికి చెప్పాడు. అందులో ఒక పిల్ల ఉందని అతనికి తెలియదు. ఆ పిల్ల తన పక్కనే పడుకుని లేచి, ప్రతి శనివారం దుప్పట్లు మోసుకుంటూ రేవుకి వచ్చింది.

“దింకా” అన్నాడు. అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“ఏడవకు. గెస్టుల ముందు స్కిప్పర్ ఏడవకూడదు” అంది దింకా, తనూ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ.

“రేపటి నుంచి దుప్పట్లు నేను ఉతుకుతాను.”

“నువ్వు ఉతికితే గెస్టులు రారు. కలిసి ఉతుకుదాం. తర్వాత నేనూ పడవ ఎక్కుతాను. ఈ కథ నేను చెబుతాను. గరిటె ఉంచుతాలే, అమ్మకి నచ్చింది.”

వెనక్కి తిరగడానికి యెర్కో చుక్కాని పట్టుకున్నాడు. పెరీనా వద్దంది. దీపం వెలిగేదాకా ఉందామంది. పొద్దు గుంకేదాకా పడవ అలల మీద ఊగుతూ అక్కడే ఉంది. మిగిలిన పొగాచా ముగ్గురూ తిన్నారు.

మెల్లగా మసకబడింది. తిప్ప మీద ఒక్కసారి వెలుగు మెరిసి ఆరిపోయింది. దింకా పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. తను లెక్కపెడుతున్నట్టు ఆమెకే తెలియలేదు. ఐదు దగ్గర యెర్కో గొంతు కలిపాడు. పదిహేను అనగానే దీపం వెలిగింది.

పెరీనా కళ్లు చిట్లించి ఆ వెలుగు వైపే చూస్తోంది.

“అంత మెల్లగానా? గట్టిగా లెక్కపెట్టవే” అంది కూతురితో. “మీ నాన్న తాగి పడుకున్నాడు కదా. లేపుదాం.”

ముగ్గురూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.