కోడలి రక్తం

కొరియాలోని బూసాన్ రేవు పక్కన చేపల అంగడి నడిపే డొక్సు ఇంట్లో ఆ ఉదయం కోడలు మిరాన్ సముద్రపు నాచు పులుసు కాస్తోంది. అత్త ఒక్‌బున్‌కు రక్త క్యాన్సర్. ప్లేట్‌లెట్లు పడిపోయి చిగుళ్ల వెంట నెత్తురు కారుతుంటే, మొన్న మిరానే వెళ్లి తన ప్లేట్‌లెట్లు ఇచ్చి వచ్చింది. అవి ఆ పొద్దునే ఎక్కిస్తున్నారు.

ఆసుపత్రి నుంచి మిరాన్ భర్త తేషిక్ తండ్రికి ఫోన్ చేశాడు. సంచి సగం ఎక్కేలోపే అమ్మకు విపరీతమైన వణుకు పట్టుకుందని, బీపీ పడిపోయిందని, ఎక్కించిన దాంట్లో బ్యాక్టీరియా ఉందంటున్నారని చెప్పాడు.

డొక్సు భోజనాల బల్లను ఒక్క తన్ను తన్నాడు. గిన్నెలు గోడకు కొట్టుకుని పగిలాయి. కోడలి జుట్టు పట్టి తలుపుకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు ఆమె కంట్లోకి దిగింది.

"ఏం రోగం పెట్టుకుని ఇచ్చావే? నా పెళ్లాన్ని చంపడానికేనా?"

రెండో దెబ్బకూ, మూడో దెబ్బకూ మిరాన్ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆయన అన్నదే నిజమని ఆమె కూడా నమ్మింది. పక్కింటివాళ్లు వచ్చి ఆయన్ని లాగేశారు.

ఆసుపత్రిలో ఆమె కనుబొమ్మకు కుట్లు వేశాక డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మిరాన్‌కు ఏ రోగమూ లేదు. ఎంత ఆరోగ్యవంతుల చర్మం మీదైనా సూక్ష్మజీవులుంటాయి, సూదితో పాటు ఒక్కోసారి సంచిలోకి జారతాయి. ప్లేట్‌లెట్లను చల్లగా దాచకూడదు గనక అందులో పెరుగుతాయి. పరీక్షకూ ఒక్కోసారి దొరకవు. నర్సు వెంటనే ఆపబట్టి ఒక్‌బున్ బతికింది.

కొన్నాళ్లకు ఒక్‌బున్ మాట్లాడగలిగింది. కోడలి మొహం చూసి ఏమైందని అడిగింది. కాలు జారిందని చెప్పింది మిరాన్.

ఒక్‌బున్ భర్త వైపు తిరిగింది.

"ఆ చేతి దెబ్బ నాకు తెలుసు. పెళ్లయిన నాటి నుంచీ తింటున్నాను. నువ్వు నా ఒంట్లో నెత్తురు కళ్లజూశావు. ఈ పిల్ల నాకు నెత్తురు పోసింది."

తేషిక్ తల దించుకున్నాడు. చిన్నప్పుడు తలుపు చాటున నిలబడి ఆ దెబ్బలు విన్నవాడే అతను. డొక్సు నెమ్మదిగా కోడలి ముందు మోకాళ్ల మీద కూలబడి, నేలకు నుదురానించి ఏడ్చాడు.

మిరాన్ అత్త చెయ్యి చెంపకు ఆనించుకుని తనూ ఏడ్చింది.

"లేవండి మావయ్యా," అంది చివరికి. "అత్తయ్యకు గంజి పట్టుకురండి. చేతులు కడుక్కుని."