గొడుగు లేని కంప్యూటర్

'ఓకే' అని రాసి ఉన్న మీట ఎదురుగా కనిపిస్తే నొక్కకుండా ఉండగలిగిన చెయ్యి మానవజాతిలో ఇంతవరకు పుట్టలేదు. కోటలు కూలడానికీ కిరీటాలు దొర్లడానికీ చరిత్రకారులు వేరే కారణాలు వెతుక్కుందురు గాక. ఈ కథలో సర్వనాశనం శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటల ఏడు నిమిషాలకు, ఒక చూపుడువేలి కింద, 'టిక్' అనే చిన్న చప్పుడుతో జరిగింది.

మూడింటికి హెడ్‌క్వార్టర్స్‌లో ఫోన్ మోగింది. చెప్పుల దుకాణం పై అంతస్తులో, గుండె బయటపెట్టుకుని పడి ఉన్న ప్రింటర్ల నడుమ ఉండే ఆ గదిని లోకులు కంప్యూటర్ రిపేరు షాపు అంటారు. సిబ్బంది ఇద్దరు. ఒకరు చీఫ్. రెండోవాడు ఏజెంట్ పద్నాలుగు. మిగతా పదముగ్గురూ ఏమయ్యారని ఎవరూ అడగరు. పద్నాలుగు అతని అల్మారా నంబరు.

చీఫ్ ఫోన్ పెట్టేసి, కుర్చీ ఇటు తిప్పాడు.

"పద్నాలుగూ, మిషన్. మీ అక్కగారింట్లో."

ఏజెంట్ ముఖం పాలిపోయింది. పరాయివాళ్ళ ఇంట్లో ఓడిపోతే వారంలో మరచిపోతారు. అక్క ఇంట్లో ఓడిపోతే మనవల తరం దాకా చెప్పుకుంటారు.

"ఏం పోయింది చీఫ్?"

"మీ అక్క బడి పిల్లలకి వినబడదు కదా. వాళ్ళ కోసం పదకొండేళ్ళుగా చేతి సైగల నిఘంటువు చేస్తోంది. పద్నాలుగు వందల ఫొటోలు. సాయంత్రం ఐదుకల్లా ప్రెస్సుకి చేరాలి. దాటితే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. పిల్లలు ఇంకో ఏడాది పుస్తకం లేకుండా కూర్చోవాలి."

"శత్రువు?"

"విదేశీ ముఠా. ఫైళ్ళకి ఒక్కోదానికీ తాళం వేసుకుంటూ పోతోంది."

"గొడుగు ఉందా?"

ఇది కోడ్ భాష. గొడుగు అంటే బ్యాకప్.

"లేదు. అక్కడ కుండపోత," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కొరియర్ టోపీ తలకు పెట్టుకున్నాడు. ఈ మారువేషం శత్రువు కోసం కాదు. ఆ వీధిలో అతన్ని గుర్తుపడితే ప్రతి గుమ్మంలోంచీ ఒక ప్రింటరు బయటికొస్తుంది.

అతను చేరేసరికి మూడున్నర. ముందుగదిలో, ఇస్త్రీ బల్ల పక్కన, కంప్యూటర్ ఆయాసపడుతోంది. అక్క దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. బావగారు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నారు, పేజీ మాత్రం తిప్పడం లేదు.

తెర మధ్యలో ఒక సుందరి ఉంది. చెవికి హెడ్‌ఫోన్, పెదవులకు ఎర్రరంగు, ఎన్నాళ్ళ నుంచో మనకోసమే ఎదురుచూస్తున్నట్టు ఒక చిరునవ్వు. కింద రాత: 'నేను మీ సంరక్షకురాలిని. మీ కంప్యూటర్‌లో చోటు చాలడం లేదు. నేను చూసుకోనా?'

డబుల్ ఏజెంట్! కాపలాదారు వేషంలో తలుపు తట్టి, ముఠాను వెంటబెట్టుకుని లోపలికొచ్చే రకం.

"ఎవరు బావగారూ ఈవిడ?"

"నాకేం తెలుసయ్యా? తనే వచ్చింది."

"మీరేమన్నారు?"

"అంత మర్యాదగా అడిగితే కాదంటే ఏం బావుంటుంది? ఓకే అన్నాను."

"ఆ ఫ్యాను తుడవమని ఆరునెలలుగా నేనూ మర్యాదగానే అడుగుతున్నాను," అంది అక్క. "దానికెప్పుడైనా ఓకే అన్నారా?"

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

ఏజెంట్ పనిలోకి దిగాడు. ముందు ఇంటర్నెట్ తీగ పీకాడు. శత్రువుకు స్వదేశంతో సంబంధాలు తెగిపోయాయి. తాళాల గుత్తికి వేలాడే రెస్క్యూ పెన్‌డ్రైవ్ గుచ్చి, కంప్యూటర్‌ను దాని సొంత బుర్రతో కాక ఆ పెన్‌డ్రైవ్ బుర్రతో మేల్కొలిపాడు. స్కానింగ్ మొదలైంది. నిజాయితీపరులైన సిస్టమ్ ఫైళ్ళ పేర్లు తగిలించుకుని మూలమూలనా నక్కిన ముప్ఫై ఏడుగురు గూఢచారులు వరసగా అరెస్టయ్యారు. ఎర్రపెదవుల సుందరి ముప్ఫై ఎనిమిదవది. చివరి క్షణంలో కూడా ఆమె నవ్వు చెరగలేదు.

"పట్టేశావా?" అంది అక్క.

"దొంగల్ని పట్టుకున్నానక్కా. కానీ తాళంచెవి వాళ్ళ దేశంలోనే ఉంది."

ఫొటోల ఫోల్డర్లు తెరిచాడు. 'చివరిది' అన్న దానిలో అన్నీ తాళాలే. 'ఇదే చివరిది' అన్న దానిలోనూ అంతే. ఒక్కొక్క ఫైలుకూ తనకు తెలిసిన మారుతాళం ప్రతిదీ పెట్టి చూశాడు. ఏదీ లొంగలేదు. ఐదుకు ఇరవై నిమిషాలు ఉండగా హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చేశాడు.

"చీఫ్, అంతా మునిగింది."

అటువైపు నిట్టూర్పు. "ఫార్మాట్ కొట్టు. కంప్యూటరైనా దక్కుతుంది."

ఆ మాట ఏజెంట్ అక్కకు చేరవేశాడు.

"అది దక్కి ఎవర్ని ఉద్ధరించాలిరా?" అంది ఆమె. గొంతులో కోపం లేకపోవడం వల్లే అతనికి భయం వేసింది. "సోమవారం పిల్లలు అడుగుతారు. ఆరో తరగతి పాప రోజూ అడుగుతుంది, తన సైగ ఎన్నో పేజీలో వస్తుందని. దానికి ఏం చెప్పను?" మౌస్ అతనివైపు జరిపింది. "సర్లే. కానియ్."

పేపరు కిందికి దిగింది.

"ఫార్మాట్ అంటే?" అన్నారు బావగారు.

"మొత్తం తుడిచెయ్యడం."

"చెత్తబుట్ట కూడానా?"

"దాంతో సహా."

బావగారు నోరు తెరిచారు. మాట రాలేదు. ఏజెంట్ వేలు మీట మీదికి వాలుతోంది, నిక్కచ్చిగా చెప్పాలంటే అంగుళం దూరంలో ఉంది. అప్పుడు ఆయన ఎడమ అరచెయ్యి వెల్లకిలా చాచి, కుడిచేతి అంచుతో దాని మీద గట్టిగా కొట్టారు.

అక్క ఉలిక్కిపడింది. రెండువందల పన్నెండో పేజీ! ఆ పుస్తకంలోని పద్నాలుగు వందల ఫొటోల్లోనూ ఉన్న చేతులు ఆయనవే. పదకొండేళ్ళుగా ఆమె ఎలా పట్టమంటే అలా పట్టిన చేతులు.

"'ఆగు' అంటున్నార్రా. ఆగు!"

వేలు గాలిలో నిలిచిపోయింది.

"పేకాట గేమ్ ఒకటి ఎక్కిద్దామనుకున్నాను," అన్నారు బావగారు నేలకేసి చూస్తూ. "చోటు లేదంది. చూస్తే నీవి మూడు ఫోల్డర్లు. 'చివరిది', 'అసలు చివరిది', 'ఇదే చివరిది'. చివరిది ఎక్కడైనా మూడుంటాయా? మధ్యలోది తీసి బుట్టలో పడేశాను. నిన్న, గురువారంనాడు."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"చెబితే ఊరుకునేదానివా?"

ఏజెంట్ అప్పటికే చెత్తబుట్టలో తల దూర్చాడు. 'అసలు చివరిది' అక్కడ ఉంది. ఒక్క తాళం లేదు. ఇల్లంతా సోదా చేసిన ముఠాకు చెత్తబుట్ట తెరిచి చూసేంత ఓపిక లేకపోయింది.

"ఇందులో ఆఖరి మూడు సైగలు లేవు," అంది అక్క. "అవి నిన్న కలిపాను."

"ఫొటోలు మళ్ళీ తియ్యి. నేను ఇవి కాపీ చేస్తాను."

ఏజెంట్ లాప్‌టాప్‌లోకి కాపీ మొదలైంది. తెర మీద 'ఇంకా ఆరు నిమిషాలు' అని పడింది. కాసేపటికి 'ఇంకా నలభై నిమిషాలు' అంది. తర్వాత ఏ సంజాయిషీ లేకుండా 'రెండు' అంది. వెనక, తెల్లగోడ ముందు, బావగారి చేతులు పైకి లేచాయి.

"బొటనవేలు లోపలికండీ. వణక్కండి."

"వణకట్లేదే!"

"మరి గోడ వణుకుతోందా?"

పీకిన ఇంటర్నెట్ తీగ లాప్‌టాప్‌కు తగిలించాక, నాలుగు యాభైతొమ్మిదికి మెయిల్ వెళ్ళింది. ఐదు కొడుతుండగా ప్రెస్సు నుంచి జవాబు: 'అందింది.' అక్క కుర్చీలో కూలబడింది.

"ఒకటి అర్థం కాలేదయ్యా," అన్నారు బావగారు. "అంత పెద్ద ఫోల్డరు పారేసినా చోటు లేదనే అంది. అందుకే ఈరోజు ఆ అమ్మాయి చూసుకుంటానంటే ఓకే అన్నాను."

"బుట్టలో వేస్తే చోటు మిగలదు బావగారూ. బుట్టని ఖాళీ చెయ్యాలి."

"దానికో మీట ఉంటుందా?"

"ఉంటుంది. అదిగో, పక్కనే."

ఏజెంట్ పద్నాలుగు మంచినీళ్ళ కోసం లోపలికి నడిచాడు. ఆ సంగతి బావగారికి గురువారమే తెలిసి ఉంటే ముఠా ఈ ఇంట్లోకి అడుగుపెట్టేదే కాదనీ, పుస్తకం కూడా మిగిలేది కాదనీ లెక్క తేల్చుకుంటూ గ్లాసు నింపుకున్నాడు. అజ్ఞానం ఇంత సమర్థంగా ఒక చేత్తో ముంచి, మరో చేత్తో తేల్చిన మిషన్ హెడ్‌క్వార్టర్స్ రికార్డుల్లో మరొకటి లేదు.

ముందుగదిలోంచి 'టిక్' అని వినిపించింది.

పుస్తకం ప్రెస్సుకు చేరి అప్పటికి నాలుగు నిమిషాలైంది.