మచ్చ లేని సనదు

2091లో కోరంగి రేవు నగరంలో బారిస్టరుగా వాదించే అనుమతి పత్రం, అంటే సనదు, కావాలంటే చదువు ఏడేళ్లు, అనుభవం తొమ్మిది రోజులు. అయిదేళ్లు న్యాయశాస్త్రం, రెండేళ్లు నమూనా కోర్టుల్లో వాదన. సీనియర్ వెనక ఫైళ్లు మోస్తూ పదేళ్లు తిరిగే పని మాత్రం పోయింది. పేరున్న బారిస్టరు మెదడులోని నలభై ఏళ్ల కోర్టు జ్ఞాపకాలను న్యూరల్ ప్రింటర్ శిష్యుల మెదడుకు ఎక్కిస్తుంది. దానికి స్మృతిముద్రణ అని పేరు. తొమ్మిది రోజులిచ్చి నలభై ఏళ్లు తీసుకోవడం కన్నా లాభసాటి బేరం ఏముంటుందని అందరూ అనుకునేవారు.

వకుళ కూడా అలాగే లెక్క వేసుకుంది. ఆమె తండ్రి కనకలింగం రేవులో క్రేన్ నడిపేవాడు. క్రేన్ కూలి నలుగురు చనిపోతే తప్పు అతనిదేనని పద్నాలుగేళ్ల శిక్ష వేశారు. బ్రేకులు పాడయ్యాయని ముందురోజే అతను రాసిచ్చిన కాగితం ఏమైందో ఎవరూ చెప్పలేదు. వచ్చే నెలలో ఆఖరి అప్పీలు. దాన్ని తనే వాదించాలని వకుళ ఆశ.

"నాకెక్కించేది ఎవరి జ్ఞాపకాలండీ?" ముద్రణకు ముందు వకుళ అడిగింది.

"చెప్పకూడదమ్మా. సనదు ఇచ్చే రోజున ఆయనే వచ్చి తన గౌను నీ భుజాన వేస్తారు," అన్నాడు శాస్త్రవేత్త పేరిశాస్త్రి.

"ఆయన చేసిన తప్పులు కూడా వచ్చేస్తాయా?"

"ఏది నేర్పో ఏది తప్పో యంత్రానికేం తెలుసు? రెండూ ఒకే పోగులో ఉంటాయి. ఒకటి లాగితే రెండోదీ ఊడొస్తుంది. అందుకేగా సనదు ముందు ఆ ప్రశ్న అడిగేది!"

ఆ ప్రశ్న అందరికీ తెలిసిందే. ఎక్కిన జ్ఞాపకాల్లో వృత్తికి మచ్చ తెచ్చేది కనిపిస్తే శిష్యులు సనదు ఇచ్చే సభలో చెప్పాలి. చెబితే గురువు సనదు రద్దవుతుంది. శిష్యుల ముద్రణ చెరిపేస్తారు, మళ్లీ ఎక్కించరు. పదకొండేళ్లలో మూడు వందల మంది సనదు తీసుకున్నారు. మచ్చ ఉందని ఒక్కరూ చెప్పలేదు. మన బారిస్టర్లంతా నిజాయితీపరులని నగరం మురిసిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున వకుళకు ఒక జ్ఞాపకం వచ్చింది. గ్రీజు మరకల కాగితం, కింద తండ్రి వంకర సంతకం. దాన్ని ఫైలులోంచి తీసి, మడిచి, బీరువా అడుగున దాచిన చేతులు తనవే అనిపించాయి.

ఆ రోజే జరిగిన సనదు సభకు గౌనుతో వచ్చినాయన ధర్మాంగదరావు. రేవు కంపెనీ తరఫున వాదించి ఆమె తండ్రిని జైలుకు పంపిన బారిస్టరు.

"మచ్చ ఏదైనా కనిపించిందా?" అధ్యక్షురాలు అడిగింది.

వకుళ నోరు తెరిచింది. అంతలో లోపల లెక్క మొదలైంది. ఇప్పుడు చెబితే నాన్న బయటికొస్తాడు, తన ఏడేళ్లు మట్టిలో కలుస్తాయి. సనదు చేతికొచ్చాక వేరే దారిలో గెలవొచ్చు. నాన్న ఇంకొన్నాళ్లు ఓర్చుకోగలడు. లెక్క అంత త్వరగా తేలిపోవడం చూసి ఆమెకే భయం వేసింది. నిన్నటిదాకా తనకు ఆ వేగం లేదు.

"ఏమీ లేదండి."

ధర్మాంగదరావు గౌను సర్దుతూ మెల్లగా అన్నాడు. "చెప్పవని తెలుసమ్మాయ్. ఆ నేర్పూ నాదేగా."

సాయంత్రం జైలు నుంచి ఫోను వచ్చింది.

"ఏవమ్మా బారిస్టరమ్మా! నా కాగితం జాడేవైనా తెలిసిందా?"

"ఇంకా లేదు నాన్నా. చూద్దాం."

ఆమె గొంతు తొణకలేదు. నలభై ఏళ్ల సాధన మరి.