ఉతకకూడని చొక్కా

"ఇది ఉతికిన్రా?"

హలో లేదు, గుడ్ మార్నింగ్ లేదు. ఆదివారం ఉదయం జూబ్లీహిల్స్‌లో ఓ కెఫే వెనకున్న లాన్‌లో భువనకి వినపడిన మొదటి పలకరింపు అది. తలెత్తి చూస్తే, ఆమె స్టాల్ ముందు ఒక కుర్రాడు ఖాకీ చొక్కాని ముక్కుకి ఆనించుకుని గట్టిగా వాసన చూస్తున్నాడు.

భువనకి ఒళ్ళు మండింది. ఆదివారాల్లో మాత్రమే వెలిసే ఈ పాప్-అప్ మార్కెట్‌లో పాత పుస్తకాలు కొంటారు, పాత గిన్నెలు కొంటారు, పాత బట్టలనేసరికి మాత్రం జనానికి ఎక్కడలేని శుభ్రం గుర్తొస్తుంది. అందుకే ఏ బట్టనైనా రెండుసార్లు ఉతికి, చిరుగుంటే అమ్మ చేత కుట్టించి, ఇస్త్రీ చేసి గానీ ఆమె హ్యాంగర్‌కి తగిలించదు.

"ఉతక్కుండా అమ్ముతామా అండీ? వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్ కొట్టి, రెండ్రోజులు ఎండలో వేశాను. భూతద్దం పెట్టి వెతుక్కోండి, ఒక్క మరక దొరికితే ఒట్టు!"

"అన్ని మరకలు పోయినయా?"

"అన్నీ!"

"మోచేయి కాడ చిరుగుండె కదా..."

"అమ్మ కుట్టింది. ఎక్కడ కుట్టిందో చెప్పండి చూద్దాం."

అతను చెప్పలేకపోయాడు. చొక్కాని గుండెకి హత్తుకుని అలాగే గడ్డిలో చతికిలబడ్డాడు.

"నా కొంప ముంచిన్రు మేడమ్."

మరక పోలేదని గొడవపెట్టుకున్నవాళ్ళని భువన చాలామందిని చూసింది. పోయిందని ఏడుపు మొహం పెట్టినవాణ్ణి చూడటం ఇదే మొదలు. కోపం సగం దిగిపోయి, తన మజ్జిగ సీసా తీసి అతనికిచ్చింది.

అతని పేరు నర్సింహ. ఉండేది రహమత్ నగర్‌లో. ఒక సినిమాకి కాస్ట్యూమ్ అసిస్టెంట్. ఆ చొక్కా క్లైమాక్స్ ఫైట్‌లో హీరో వేసుకున్నది. షూటింగ్ ముగిసిందనుకున్నాక ఆరు షాట్లు మిగిలాయని తేలింది. రేపు ఉదయం ఏడింటికి ఫిల్మ్ నగర్‌లో వాటిని తీస్తారు.

"ఫైట్ల ఏ మరక యాడ పడ్డదో గాడనే ఉండాలె మేడమ్. లేకుంటే ఒక షాట్ల రక్తం, ఇంకో షాట్ల ఇస్త్రీ కనపడుతది. గందుకే నీళ్ళు కూడా తాకనీయం. అమ్మేటియి ఒక సంచిల, గిది ఒక సంచిల పెట్టిన. పాత బట్టలు కొనే రాజమ్మ వచ్చినప్పుడు నేనే సంచి మార్చి ఇచ్చిన. పొద్దున అడిగితే మీకు అమ్మిన అని చెప్పింది."

"ఇలాంటిది ఇంకోటి లేదా?"

"మూడు కుట్టించినం. రెండేమో ఫైట్లనే పీలికలైనయి."

"మీ సార్‌కి చెప్పేయొచ్చుగా?"

"మా కాస్ట్యూమ్ డిజైనర్ దేవకుమార్ సార్‌ది ఒకటే మాట. కంటిన్యుటీ పోగొట్టినోడు నా దగ్గర ఉండొద్దంటడు. నాలుగేండ్లు చేసిన. గీ సినిమాతోని యూనియన్ కార్డు ఇప్పిస్తనన్నడు. ఇగ అయిపాయె."

తప్పు భువనది కాదు. పైగా స్టాల్ కిటకిటలాడే సమయం. అయినా నాలుగేళ్ళ కష్టం తన బకెట్లో కొట్టుకుపోయిందంటే ఆమెకి మనసొప్పలేదు.

"మరకలు ఎక్కడెక్కడ ఉండేవో ఫోటోలున్నాయా?"

"ముంగట, ఎన్క, పక్కలు, అన్ని ఉన్నయి."

"అయితే లేవండి. తీయడం వచ్చినదాన్ని, పెట్టడం రాదా?"

పక్క టేబుల్ మీద పాత పుస్తకాలమ్మే స్టెఫీకి స్టాల్ అప్పగించింది. స్టెఫీ నర్సింహని ఎగాదిగా చూసి, "వెళ్ళు వెళ్ళు. నాకు బాయ్ చెప్పడం మర్చిపోయినా పర్లేదు," అని కన్నుకొట్టింది.

శ్రీనగర్ కాలనీలోని ఇంట్లో భువన తల్లి రాజ్యలక్ష్మి సంగతంతా విని ముక్కున వేలేసుకుంది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. మీరేంటమ్మా, కడిగిన కాలు తీసుకెళ్ళి అడుసులో పెడతానంటున్నారు!"

"తప్పదమ్మా. ఆ కుట్టు విప్పెయ్."

"నా కుట్టు నేనే విప్పాలా? కళ్ళు లాగేలా కుట్టాను!"

గొణుగుతూనే విప్పింది. చిరుగు మళ్ళీ నోరు తెరిచింది.

మేడ మీద కుండీలోని ఎర్రమట్టిని భువన టీ డికాక్షన్‌తో కలిపింది. హ్యాంగర్ మీద పూసిన మరక వేరు, ఒంటిమీద పడిన మరక వేరంటూ నర్సింహ చొక్కా తొడుక్కున్నాడు. మొదటి మట్టిముద్ద గురితప్పి అతని ముక్కు మీద పడింది.

"గది ఫోటోల లేదు మేడమ్."

"సారీ! ఇప్పుడు చూడండి... రెండో గుండీ పక్కన, చింతగింజంత." భువన దగ్గరికొచ్చి బ్రష్‌తో అద్దసాగింది. "అబ్బ, ఊపిరి బిగబట్టకండీ, మడత మారిపోతోంది!"

"గింత దగ్గర నిలబడితే ఊపిరి ఎట్ల తీస్తరు మేడమ్?"

భువన చటుక్కున ఫోన్‌లోని ఫోటోలోకి చూపు దించేసింది. ఫోన్ తలకిందులుగా ఉందన్న సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు గానీ చెప్పలేదు, మంచివాడు.

రక్తం అతని వంతు. గ్లూకోజ్ పాకంలో ఎర్ర రంగు కలిపి కాలర్ మీద చిలకరించబోతే భువన చెయ్యి అడ్డుపెట్టింది.

"అంత ఎర్రగానా? ఎండిన రక్తం గోధుమరంగుకి తిరుగుతుందండీ. ఎన్ని మరకలతో కుస్తీ పట్టానో నాకు తెలుసు. చిటికెడు కాఫీ పొడి వెయ్యండి."

వేస్తే ఫోటోలోని రంగు అచ్చుగుద్దినట్టు దిగింది. నర్సింహ ఆ కాలర్‌ని చూడలేదు. ఆమెని చూశాడు.

చొక్కా తీగ మీద ఆరేసి, ఇద్దరూ పిట్టగోడకి ఆనుకుని టీ తాగారు. ఆకాశం మబ్బుపట్టి ఉంది.

"సినిమాల అందరు హీరో మొకం చూస్తరు. మా అమ్మ మాత్రం గుండీలు చూస్తది. 'గది నువ్వే పెట్టినవా బిడ్డా?' అని టాకీసుల గట్టిగ అడుగుతది. అందరు ఎన్కకి తిరిగి చూస్తరు. నాకు మస్తు సిగ్గయితది, మస్తు కుషీ కూడా అయితది."

భువన నవ్వబోయి ఆగిపోయింది. ఈ మనిషి రేపు ఓడిపోకూడదు అని ఎంత గట్టిగా అనిపించిందంటే, ఆమెకే భయమేసింది. ఒక్క పూట పరిచయానికి ఇంత ఆరాటమా! ఆమెకి అతను నచ్చాడు. అంతకంటే తిప్పి చెప్పడానికేమీ లేదు.

అంతలో చినుకులు. చినుకులు కాస్తా జడివానయ్యాయి. మెట్ల దగ్గరున్న ఒకే ఒక్క గొడుగు కోసం ఇద్దరూ పరిగెత్తారు, ఇద్దరూ పట్టుకున్నారు, ఇద్దరూ దాని కిందే నిలబడ్డారు. ఎంతసేపో ఎవరూ లెక్కపెట్టలేదు.

"చొక్కా!" అని ఒక్కసారే అరిచారు.

తీగ మీద చొక్కా లేదు. మెట్ల మీద రాజ్యలక్ష్మి, చేతిలో పొడిపొడిగా చొక్కాతో నిలబడి ఉంది.

"చినుకు పడకముందే తీశాను. గొడుగు కింద మీ ఇద్దరికే చోటు సరిపోలేదు, పాపం దీని సంగతి ఎవరికి గుర్తుంటుంది?"

సాయంత్రం నర్సింహ వెళ్తుంటే రాజ్యలక్ష్మి ఆపి, "ఉండు బాబూ, ఒక్క నిమిషం," అంటూ చొక్కాని లోపలికి తీసుకెళ్ళి, సంచిలో పెట్టి తెచ్చిచ్చింది.

మర్నాడు ఆరున్నరకే ఫోన్. "మేడమ్, జర రాండి. సార్ చొక్కా చూస్తడంట."

భువన బ్రష్షులు పట్టుకుని ఆటోలో ఫిల్మ్ నగర్ చేరేసరికి దేవకుమార్ కళ్ళజోడు సవరించుకుని చొక్కాని ఫోటోతో పోల్చి చూస్తున్నాడు. కాలర్ చూశాడు, తలూపాడు. ఛాతీ చూశాడు, తలూపాడు. చెయ్యి దగ్గరికొచ్చి ఆగాడు.

"ఏరా, చిరుగుకి అంచు కుట్టిందెవరు?"

భువనకి అప్పుడు అర్థమైంది. పోగులు ఊడుతుంటే చూడలేక, నిన్న సాయంత్రం ఆ ఒక్క నిమిషంలో అమ్మ చిరుగు చుట్టూ ముత్యాల్లాంటి కుట్లు వేసేసింది.

దర్జీ పొరపాటని ఒక్క ముక్క అనేస్తే సరిపోయేది. నర్సింహ అనలేదు.

"సంచి మార్చి నేనే అమ్మేసిన సార్. ఉతికేసిన్రు. నిన్న మళ్ళ మరకలు పెట్టినం. తప్పు నాది."

"ఉతికింది నేనండీ," అని భువన ముందుకొచ్చింది. "కుట్టింది మా అమ్మ. ఇతను పాపం నిన్నంతా అన్నం కూడా సరిగ్గా తినలేదు."

దేవకుమార్ ఆమె వైపు చూడలేదు. జేబులోంచి కత్తెర తీసి, అంచు కత్తిరించి, పిన్నీసుతో పోగులు లాగాడు. "హీరోకి తొడుగు, పో," అన్నాడు.

ఆరు షాట్లు మధ్యాహ్నం దాకా సాగాయి. జనరేటర్ వ్యాన్ నీడలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి చూశారు. ప్యాకప్ చెప్పాక దేవకుమార్ వచ్చాడు.

"ఎడిటర్ కూడా కనిపెట్టలేడు. అయినా నిన్న నా దగ్గర దాచావు, దానికి నెల్రోజులు జూనియర్ ఆర్టిస్టుల బట్టలన్నీ నువ్వే ఉతకాలి. ఇవాళ నిజం చెప్పావు, అందుకే ఉంటున్నావు." భువన వైపు తిరిగాడు. "ఆ రక్తం రంగు నీదేనా అమ్మా? బాగుంది."

ఆయన వెళ్ళిపోయాడు. నర్సింహ మాత్రం గెలిచినవాడిలా లేడు.

"ఇంకా ఏంటండీ బెంగ?"

"నౌకరి ఫికర్ అనుకున్న మేడమ్, రాత్రంత. అది కాదు. చొక్కా పని అయిపోయినంక మీ కాడికి రానీకి ఏం బహానా చెప్పాలె? గదే ఫికర్."

భువన చేతిలోని బ్రష్షులు పక్కన పెట్టింది.

"ఏ బహానా, ఏ సాకూ లేకుండా రాలేవా?" అంది. నిన్నటి నుంచి 'మీరు' అంటున్న నోటికి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. "నువ్వంటే నాకిష్టం, నర్సింహా."

నర్సింహ మొహం విప్పారింది. మళ్ళీ అంతలోనే ముడుచుకుంది.

"మరి మీ అమ్మ?"

"పొద్దున నేను బయల్దేరుతుంటే అడిగింది, ఆ అబ్బాయి భోజనానికొస్తాడా, కాకరకాయ తింటాడా అని."

"తింట."

"నిజంగా?"

"చిన్నప్పటి సంది ముట్టలే," అన్నాడు నర్సింహ, ఆమె చెయ్యి పట్టుకుంటూ. "గని ఇయ్యాల రెండుసార్లు వడ్డించుకుంట."