అగ్నిజిహ్వుడి కోట ముందు డప్పు

శంఖగిరి రాజు వీరకేతుడు పదహారేళ్లకే గద్దెనెక్కి, పదేళ్లలో ఆరు రాజ్యాలు జయించాడు. ఏ కోట ముందుకు వెళ్లినా ఆయన సేనకు ముందు మాదన్న డప్పు మోగేది. ఆ మోతకే సగం శత్రువులు బెదిరిపోయేవారు.

ఏడోసారి రాజు అగ్నిజిహ్వుడనే రాక్షసుడి కోట మీదికి వెళ్లాడు. నెల తిరిగేసరికి గుర్రాల కాపరి ఒక్కడే తిరిగొచ్చి, మాదన్న ఇంటి ముందు కూలబడ్డాడు.

"ముసురు పట్టిందమ్మా. డప్పు కాచుకుంటా, ఒక్క గడియ ఆగండి దొరా అన్నాడు మాదన్న. రాజు వినలేదు. నానిన డప్పు బద్దుమంది. మోగని డప్పుతో ఆ రాక్షసుడి గుమ్మం తొక్కినవాళ్లు రాళ్లవుతారట. గుమ్మం దాకా పోని నేను తప్ప అందరూ రాళ్లయిపోయారు! అక్కడ డప్పు ఖణేల్‌మంటేనే మళ్లీ మనుషులవుతారట."

మాదన్న కూతురు గురవికి పన్నెండేళ్లు. తండ్రి పాత డప్పును భుజాన వేసుకుంది. తల్లి సాయమ్మ వద్దని ఏడ్చింది, తిట్టింది, చివరికి సద్దిమూట కట్టి చేతికిచ్చింది.

అడవిలో ఇరుకు లోయ దగ్గర కొండంత ఎలుగుబంటి అడ్డంగా పడుకుంది.

"నన్ను ఆడించినవాళ్లకే దారి," అంది.

"ఆడి ఆయాసపడితే నన్ననకు మరి!" అని గురవి దరువేసింది. ఎలుగు ఎగిరి ఎగిరి రొప్పుతూ పక్కకు ఒరిగింది. గురవి లోయ దాటిందో లేదో, కుండపోతగా వాన మొదలైంది.

కోట చేరేసరికి డప్పు తడిసి ముద్దయింది. గుమ్మం ముందు రాతి గుర్రాలు, రాతి సైనికులు, రాతి రాజు. ఆ పక్కనే రాతి తండ్రి. గురవి చుట్టూ వెతికింది. కాచుకుందామంటే ఎండుపుల్ల ఒక్కటి లేదు. ఇంతలో అగ్నిజిహ్వుడు బయటికొచ్చాడు.

"ఏమే పిడికెడంత పిల్లా! కొట్టు మరి. ఒక్క దెబ్బే!"

గురవి చటుక్కున తండ్రి విగ్రహం వెనక్కి దూరింది. "కొడతాలే రాక్షస మామా! నీ నోట్లో నిప్పుందంటారు, నిజమేనా? మా అమ్మ పొయ్యే నయంలా ఉందే!"

"నా నిప్పును పొయ్యితో పోలుస్తావా?" రాక్షసుడు భగ్గున ఊదాడు.

గురవి డప్పును పక్కకు చాచి పట్టింది. మంట తగిలితే తోలు కాలుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది. తిప్పుతూ, వేలితో తట్టి చూస్తూ, "ఇంతేనా మామా? దగ్గొచ్చిందా?" అంటూ ఉడికించింది. వాడు మళ్లీ ఊదాడు, ఇంకోసారి ఊదాడు. అప్పుడు డప్పు పుల్ల ఎత్తి బలమంతా పెట్టి కొట్టింది.

ఖణేల్!

రాళ్లు కదిలాయి. రాక్షసుడి నోట్లో నిప్పు పొగై ఆరిపోయింది. వాడు తలుపులు వదిలేసి అడవిలోకి పరుగు తీశాడు.

"గురవీ! నువ్విక్కడెందుకొచ్చావే తల్లీ?" అన్నాడు మాదన్న.

"నీకోసమేగా అయ్యా!" అని తండ్రిని చుట్టుకుంది.

వీరకేతుడు తలవంచాడు. "మాదన్నా, తప్పు నాది. ఏడో కోట గెలిచింది నేను కాదు, నీ బిడ్డ. ఇకనుంచి ఈ కోటకు ఏలిక గురవే."

నాలుగో రోజు పొద్దున సేన శంఖగిరి చేరింది. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. బూరలవాళ్లు విజయనాదానికి గుండెలనిండా గాలి పీల్చారు. రాజు చప్పున చెయ్యెత్తి ఆపాడు.

"ఉష్! పిల్ల నిద్రపోతోంది."

మాదన్న భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఏడో కోట ఏలికను చూస్తూ, ఆరు రాజ్యాల విజేత వాళ్ల వెనకే మునివేళ్ల మీద నడిచాడు. జనాన్ని తోసుకుంటూ సాయమ్మ ఎదురొచ్చి, రెండు చేతులూ చాచింది.