తాళాలాయన ఎడమ చెవి

ఆ పొద్దున కూడా తాళాలాయన అందరికంటే ముందే లేచి, మందుల పెట్టె తాళం తీసి మాత్రలు చూసుకున్నాడు. పదకొండు ఉండాలి. పదకొండే ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు. అనుమానం పట్టినవాడికి లెక్క సరిపోయినా అనుమానమే. పెట్టె మళ్ళీ మూసి, తాళంచెవి చొక్కా లోపలి జేబులో వేసుకుని స్టవ్ వెలిగించాడు. ఆ ఇంట్లో వంట ఆయన చేతికి వచ్చి నెల దాటింది, తినేవాళ్ళ ఖర్మ.

వీధి మలుపులో ఆయనకు చిన్న కొట్టు ఉంది. ముప్పై ఏళ్ళుగా తాళాలు బాగుచేస్తూ, మారు తాళంచెవులు కోసి ఇస్తూ బతికాడు. ఆ కోసే మెషీను ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేది. దాని రొదకి ఎడమ చెవి ఏనాడో వినడం మానేసింది. ఊరందరికీ చెవులు చేసిపెట్టిన మనిషి తన చెవి పోయిందని ఒప్పుకుంటాడా? ఎవరైనా రెండోసారి చెప్పబోతే "వినపడిందిలే" అని కసురుకుంటాడు. వినపడనిదాన్ని తనకు తోచినట్టు పూరించుకుంటాడు.

ఇల్లాలికి ఊపిరితిత్తిలో గడ్డ ఉందనీ, అది క్యాన్సరేననీ తేలి రెండు నెలలైంది. ఆమె స్కానింగు గదిలో ఉన్నప్పుడు డాక్టరమ్మ వరండాలో నడుస్తూనే, మూతికి మాస్కుతో, ఆయన ఎడమ పక్కనుంచి విషయం చెప్పింది. ఆయనకు అందింది ఇదీ: గడ్డ ఒక్కటే శత్రువు కాదు, దాని చుట్టూ ఇంట్లో ఉన్న వాతావరణమే దాన్ని పెంచి పోషిస్తోంది. కాపాడాల్సిన కావలే దానితో కుమ్మక్కయింది, కంచే చేను మేస్తోంది. అందుకే ఒక మందు గడ్డ మీదికి, ఇంకో మందు ఆ కావలిని దారిలో పెట్టడానికి ఇస్తారు. మధ్యలో కణాలనో ఏదో రెండుసార్లు వచ్చింది గాని ఆయన పట్టించుకోలేదు.

ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పైగా ముందే చెబితే దొంగ జాగ్రత్తపడతాడు కదా.

కొడుకు లారీ తోలుతాడు, నెలలో ఇరవై అయిదు రోజులు రోడ్ల మీదే. తాళాలాయన తనని తాను ఎలాగూ లెక్కలోకి తీసుకోలేదు. ఇక మిగిలింది కోడలు. ఆ పిల్ల బ్యూటీ పార్లర్లో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చిందంటే జుట్టు రంగుల ఘాటు ఆమెతోపాటే లోపలికి వస్తుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ముందు ఆమె సంచి గడప బయటే పెట్టమన్నాడు. తర్వాత వంటగదిలోకి రావద్దన్నాడు. ఆ తర్వాత మందులకి తాళం వేశాడు. పలకరించడానికి వచ్చే ఇరుగుపొరుగుని కూడా గుమ్మంలోనుంచే పంపేశాడు. ఎందుకని ఇల్లాలు అడిగితే, జబ్బుమనిషికి ప్రశాంతత కావాలన్నాడు. కోడలు పల్లెత్తు మాట అనలేదు. అదీ ఆయనకు అనుమానంగానే తోచింది.

అయిదు రోజులుగా ఇంకో తంతు మొదలైంది. కోడలు పొద్దున్నే అత్తగారి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటోంది. కుడి చెవి తలుపుకి ఆనిస్తే గుసగుసలు తప్ప మాటలు తెలియవు. తలుపు తోసుకు వెళ్తే ఆ గుసగుసలూ ఆగిపోతాయి. ఇల్లాలు ఇంత ఉక్కలోనూ మెడదాకా దుప్పటి కప్పుకుంటోంది, పెట్టింది సగం వదిలేస్తోంది.

ఆ పొద్దున కోడలు స్నానానికి వెళ్ళిన సమయం చూసి, గడప బయటున్న సంచి విప్పాడు. దువ్వెనలు, కత్తెర, వాటి అడుగున సగం వాడిన క్రీము ట్యూబు. దొరికిందనుకున్నాడు. ఆమె తడి జుట్టుతో బయటికి వచ్చేసరికి హాలు మధ్యలో ట్యూబుతో నిలబడి ఉన్నాడు.

"ఏం పూస్తున్నావు మీ అత్తయ్యకి?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అత్తగారి గది వైపు చూసింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాడాయన. ఇక ఆగలేదు. రెండు నెలలుగా కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాడు. రంగుల వాసన, మూసిన తలుపు, గుసగుసలు అన్నీ ఏకరువు పెట్టి, తన భార్య బతికి బట్టకట్టాలంటే కోడలు ఈ ఇంట్లో ఉండకూడదన్నాడు. కొడుకు వచ్చేదాకా పుట్టింటికి వెళ్ళమన్నాడు.

"వెళ్తాను మామయ్యా. ముందు అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్దాం. ఒట్టు వేయించుకున్నారు కాబట్టి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇంక నావల్ల కాదు."

ఏమిటా ఒట్టు అని ఆయన అడిగేలోపే ఇల్లాలు గది గుమ్మం పట్టుకుని నిలబడింది. ఒంటి మీది దుప్పటి తీసేసింది. మణికట్టు నుంచి భుజం దాకా ఎర్రటి దద్దుర్లు.

"ఆ పిల్లని ఏమీ అనకండి. పైకి కనపడకుండా పూయమన్నది నేనే. విరేచనాలు కూడా అయిదు రోజులుగా ఆగట్లేదు."

దద్దుర్లు, విరేచనాలు, ఆయాసం, వీటిలో ఏది కనపడినా ఆ రోజే చెప్పాలని నర్సు ఇచ్చిన కాగితం ఆమె పక్కన గోడకే అంటించి ఉంది. అంటించింది ఆయనే. మరి తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

"చెబితే మీరు ఎవరిని అంటారో నాకు తెలుసు కాబట్టి. ముప్పై ఏళ్ళు మీ చొక్కాల మీది ఇనప రజను నేనే దులిపాను. ఈ జబ్బు వచ్చాక ఒక్కసారైనా మీ కొట్టు పేరెత్తానా? ఎందుకొచ్చిందో డాక్టర్లకే తెలీదు. మీకు మాత్రం అనడానికి ఒక మనిషి కావలసివచ్చింది."

ఆ మాటతోనే ఆమె కాళ్ళు తేలిపోయాయి. పడిపోకుండా పట్టుకున్నది కోడలే. ఆటో పిలిచిందీ, ఆస్పత్రికి ఫోను చేసిందీ కూడా ఆ పిల్లే. తాళాలాయన ఆ ట్యూబు చేతిలోనే పట్టుకుని వెంట వెళ్ళాడు.

సెలైను ఎక్కుతుండగా డాక్టరమ్మ మామనీ కోడలినీ తన గదికి పిలిచి గట్టిగానే మందలించింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే పేగుకే ప్రమాదమయ్యేదట. ఇప్పటికి గండం గడిచింది, కొత్త మాత్రలు తప్పకుండా వాడాలంది.

"ఆ రెండో మందు కావలిని మేలుకొలుపుతుందని చెప్పాను కదండీ. మేలుకున్న కావలి ఒక్కోసారి దొంగని వదిలేసి ఇంటివాళ్ళ మీదే, అంటే చర్మం మీదా పేగుల మీదా పడుతుంది. అందుకే కనిపెట్టుకుని ఉండమన్నాం."

ఆయన తలెత్తలేకపోయాడు. చివరికి ఉండబట్టలేక, ఇంట్లో వాతావరణమే గడ్డని పెంచుతోందని మీరే కదమ్మా అన్నారని అడిగేశాడు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో అనలేదండీ. ఒంట్లో అన్నాను."

గడ్డ చుట్టూ ఉండే రక్తనాళాలు, దాని చుట్టూ గోడలా పేరుకునే పీచు, దాని మాయలో పడిన రక్షణ కణాలు, ఇవన్నీ ఆమె ఒంట్లోవేనని, ఇంట్లోవాళ్ళకీ దానికీ సంబంధమే లేదని నిదానంగా మళ్ళీ చెప్పింది. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం పట్టుకుని రెండు నెలలు ఒక ఆడపిల్లని గడప దగ్గర నిలబెట్టానని తాళాలాయన కుమిలిపోయాడు. పక్కన కూర్చున్న కోడలు అంతా విన్నది, తలవంచుకుని చేతిలోని మందుల చీటీ మడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

తర్వాత ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కోడలు అత్తగారిని చూసి వచ్చి, కాస్త ఎడంగా, ఆయన ఎడమ పక్కన కూర్చుంది. ఏదో అంది. ఆయనకు పెదాలు కదలడమే కనపడింది. "వినపడిందిలే" అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, లోపలి జేబులోంచి మందుల పెట్టె తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వేమన్నావో వినపడలేదమ్మా. ఈ చెవి పోయి పదేళ్ళయింది. ఊరందరికీ మారుచెవులు చేశాను గాని దీనికి చేసుకోలేకపోయాను. నా తప్పు మన్నించి, ఇటు కుడివైపుకి వచ్చి మళ్ళీ చెప్పు."

కోడలు చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి, కుడి పక్కకు వచ్చి దగ్గరగా కూర్చుంది.

"అత్తయ్య అడగమన్నారు మామయ్యా. ఇంటికెళ్ళాక వంట మీదా, నాదా అని."

ఆయనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నీదే తల్లీ," అన్నాడు.